పక్కగాలితో పంతం వద్దు!

బయల్దేరేటప్పుడు గాలి పెద్దగా లేదు. ఆకాశంలో ఓ చుట్టు చుట్టి వచ్చేసరికి జోరందుకుంది. రన్‌వే పక్కనున్న గాలిసంచీ అడ్డంగా బిగుసుకుపోయింది. పక్కసీటు ఖాళీ. ఇన్‌స్ట్రక్టర్‌ కింద నిల్చుని చూస్తున్నారు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి... చేతిలో చిన్న సెస్నా విమానం. ఇప్పుడెలా దిగాలి?

మనదేశంలో కమర్షియల్‌ పైలట్‌ లైసెన్సు రావాలంటే 200 గంటలు విమానం నడిపిన అనుభవం ఉండాలి. ఆ శిక్షణలో విద్యార్థుల్ని బాగా కంగారుపెట్టే పాఠాల్లో ఇదొకటి... పక్కగాలిలో దిగడం.

గోదారి పడవలా...

ఎదురుగాలి పైలట్‌కి నేస్తం. వేగం తగ్గించి మెల్లగా దించుతుంది. పక్కగాలి అలా కాదు, విమానాన్ని రన్‌వే మీద నుంచి పక్కకు నెట్టేస్తుంది. గోదారి దాటే పడవవాడు ఎదుటి రేవుకు చేరాలంటే పడవ ముక్కును కాస్త ఎగువకు తిప్పి పెడతాడు కదా! పైలట్‌ చేసేదీ అదే. ముక్కును గాలివైపు తిప్పి, ఏటవాలుగా ఎగురుతూనే రన్‌వే మధ్యగీత మీదుగా వస్తాడు.

నెమ్మదిగా వెళ్లే విమానానికి ఈ బాధ ఎక్కువ. పక్కగాలి 15 నాట్లు, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్లు ఉందనుకుందాం. 140 నాట్లతో దిగే పెద్ద విమానం ముక్కును 6 డిగ్రీలు తిప్పితే చాలు. 65 నాట్లతో వచ్చే సెస్నా 172 అయితే 13 డిగ్రీలు తిప్పాలి. పైగా దాని బరువు నిండా నింపినా టన్ను పైచిలుకే!

నైరుతి లెక్క

గాలి వేగంతోపాటు అది వీచే దిక్కూ ముఖ్యమే. ఎన్నో ఏళ్లు విద్యార్థులు శిక్షణ పొందిన హైదరాబాద్‌ బేగంపేటలో రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటికి దిగుతున్నప్పుడు సరిగ్గా నైరుతి నుంచి 20 నాట్ల గాలి వీస్తే, అందులో 14 నాట్లు పక్కగాలి కిందే లెక్క. సెస్నా 172ను కంపెనీ పైలట్లు దించి చూపించిన పక్కగాలి 15 నాట్లు. కొత్తవాళ్లకు ఇన్‌స్ట్రక్టర్లు అంతకంటే తక్కువ హద్దే పెడతారు.

ఒంటి చక్రం మీద

అసలు పరీక్ష చివరి క్షణాల్లో. ముక్కు పక్కకు ఉండగానే నేలను తాకితే చక్రాల మీద అడ్డంగా భారం పడుతుంది. అందుకే ఎడమ నుంచి గాలి వీస్తుంటే, కుడి పెడల్‌ తొక్కి ముక్కును రన్‌వేకి సూటిగా తేవాలి. అదే సమయంలో ఎడమ రెక్కను కాస్త వంచాలి. అప్పుడు ముందుగా ఎడమ చక్రం ఆనుతుంది, తర్వాత కుడిది, ఆఖరున ముక్కు కింది చక్రం.

‘హమ్మయ్య’ అని చేతులు వదిలేస్తే మాత్రం చిక్కే! వేగం తగ్గేకొద్దీ రెక్కల మీద పట్టు తగ్గుతుంది. గాలి ఎడమ రెక్కను లేపేస్తుంది, తోకను నెట్టి ముక్కును తనవైపు తిప్పుకొంటుంది. విమానం ఆగేదాకా నడుపుతూనే ఉండాలి.

మళ్లీ పైకి...

ఆ అమ్మాయి మధ్యగీత మీదికి రాలేకపోయింది. విమానం కుడివైపు జారిపోతోంది. గంట శిక్షణకు వేలల్లో ఖర్చు, ఇంట్లో అప్పు, కింద చూస్తున్న స్నేహితులు... అన్నీ గుర్తొచ్చే సమయమే. అయినా పంతానికి పోలేదు. ఇంజిన్‌కు పూర్తి బలమిచ్చి మళ్లీ పైకి లేచింది. ఇంకో చుట్టు తిరిగొచ్చింది. ఈసారి గాలి కాస్త నెమ్మదించింది. ఎడమ చక్రం, కుడి చక్రం, ముందు చక్రం... వరసగా ఆనాయి.

‘‘సారీ సార్‌, మొదటిసారి దించలేకపోయాను’’ అంది తలొంచుకుని.

‘‘అది చూశాకే ధైర్యమొచ్చిందమ్మా. రేపు కూడా ఒక్కదానివే వెళ్లు’’ అన్నారాయన.