ఎస్మెరాల్డాకు చూపు తెప్పించింది ఎవరి కోసం?

అమ్మాయి ఒక్కతే, కథా ఒక్కటే. 1970లో వెనిజులా టీవీలో ఆమె ఎస్మెరాల్డా. వేసింది లుపితా ఫెర్రర్. 1984లో అదే దేశంలో మళ్లీ తీసినప్పుడు పేరు తోపాసియో అయింది, నటి గ్రేసియా కోల్మెనారెస్. 1997లో మెక్సికో వాళ్లు లెతీసియా కాల్దెరోన్‌తో తీసి దేశదేశాలకూ అమ్మారు. 2004లో బ్రెజిల్ వంతు. 2017లో మళ్లీ మెక్సికో, ఈసారి 'సిన్ తు మిరాదా' అనే పేరుతో. క్యూబాలో పుట్టిన రచయిత్రి దెలియా ఫియాయో అల్లిన ఈ అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. డైలీ సీరియల్ లోకంలో చూపులేని నాయిక అనగానే అందరికీ అచ్చుగా దొరికింది ఈమే. 1997 నాటి మెక్సికన్ సీరియల్‌నే ఇక్కడ పట్టుకుంటాను. నా కోపమంతా అందులో ఉంది.

కథ మనకు కొత్తేం కాదు. మగబిడ్డ కోసం పట్టుబట్టిన జమీందారు ఇంట్లో ఆడపిల్ల పుడుతుంది. ఊపిరి లేదు, పోయిందనుకుంటారు. అయ్యగారికి భయపడి, అప్పుడే పుట్టిన ఒక పేదింటి మగబిడ్డను తెచ్చి తల్లి పక్కన పడుకోబెడతారు. మంత్రసాని చేతికి పచ్చల కమ్మలు ముడతాయి. పోయిందనుకున్న పిల్ల బతుకుతుంది, ఆ పచ్చల పేరే పెట్టుకుని గుడిసెలో పెరుగుతుంది. పెద్దయ్యాక ఆమె మనసుపడేది తన స్థానంలో పెరిగిన హోసే అర్మాందో మీదే. మధ్యలో మలావెర్ అనే డాక్టరు ఆమె మీద కన్నేస్తాడు. ఆమె కడుపులో బిడ్డ వాడిదేనని అనుమానపడి హోసే అర్మాందో ఆమెను వదిలేస్తాడు. ఆ తర్వాత ఆపరేషన్. కట్లు విప్పుతారు. చూపు.

ఇందులో దారి తప్పినవాడు ఎవడు? కళ్లుండీ ఆమెను నమ్మనివాడు. కానీ ఆపరేషన్ బల్ల ఎక్కింది మాత్రం ఆమె. అన్యాయం అతనిది, బాగుపడాల్సింది మాత్రం ఆమె! సుఖాంతం కావాలంటే ముందు ఆమె కళ్లు మారాలని ఎవరు చెప్పారు? ఆమె అడిగిందా? అడిగినట్టు రాశారు, నిజమే. అలా రాసింది ఎవరు, ఎవరి తృప్తికి? చూపులేని మనిషి పక్కన కూర్చోవాలంటే ఇబ్బందిపడే ప్రేక్షకుడి తృప్తికి. ఆ ఇబ్బందిని పోగొట్టడం రచయిత్రికి చేతకాలేదు, అందుకని చూపులేనితనాన్నే పోగొట్టింది.

ఇక్కడ నేను ఒక్క ఎస్మెరాల్డాను తిట్టి ఊరుకోను. మన దేశంలో 2021లో స్టార్ ప్లస్‌లో 'ఆప్కీ నజ్రోఁ నే సమ్‌ఝా' వచ్చింది. దాని మూలం బెంగాలీ సీరియల్ 'సాఁఝేర్ బాతి'. అందులో చూపులేనివాడు హీరో దర్శ్. ఆ పాత్ర వేసిన విజయేంద్ర కుమేరియాకు చూపుంది. తెలుగు ఇళ్లలో రాత్రి ఏడు నుంచి పది దాకా నడిచే సీరియల్ లోకానికి కూడా ఈ సామాను బాగా అలవాటే. యాక్సిడెంటులో చూపు పోవడం, ఎవరో త్యాగం చేసి కళ్లివ్వడం, కట్లు విప్పగానే ఎదురుగా ప్రియుడి మొహం. శుక్రవారం ఎపిసోడ్‌ను కట్టు సగం విప్పి ఆపుతారు, సోమవారం దాకా జనం ఎదురుచూస్తారు. ఈ కట్లలో చుట్టి ఉన్నదంతా అబద్ధమే.

కళ్లు మార్చరు. మార్చేది కార్నియాను, అంటే కంటి ముందుభాగంలో ఉండే పారదర్శకమైన పొరను. అదీ చనిపోయినవాళ్ల నుంచి, సాధారణంగా ఆరు గంటల్లోపు సేకరిస్తారు. బతికున్న తల్లి తన కళ్లు తీసి కొడుక్కివ్వడమనేది ఏ ఆస్పత్రిలోనూ జరగదు. కార్నియా దెబ్బతిని చూపు పోయినవాళ్లకే ఆ ఆపరేషన్ పనికొస్తుంది. గ్లకోమాతో కంటినరం చచ్చిపోయినవాళ్లకు, రెటీనా పాడైనవాళ్లకు అది ఎందుకూ పనికిరాదు. మార్చాక కూడా చూపు స్థిరపడటానికి నెలలు పడుతుంది. 2023 మేలో న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ డాక్టర్లు ప్రపంచంలో మొదటిసారి కన్ను మొత్తాన్ని ఒకాయనకు అమర్చారు. కంటికి రక్తం అందింది, కన్ను బతికింది. చూపు మాత్రం రాలేదు. 1987 నుంచి కంటి వైద్యంలో దేశానికే దారి చూపిస్తున్న ఎల్వీ ప్రసాద్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడికి ఒక్క ఫోన్ చేసి అడగడానికి స్క్రిప్ట్ డిపార్ట్‌మెంట్‌కు తీరిక లేదా?

పుట్టుకతో చూపు లేనివాళ్ల సంగతి ఇంకా వేరు. ఎంఐటీ ప్రొఫెసర్ పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్, పుట్టుశుక్లాలతో పెరిగిన ఉత్తర భారతదేశపు పిల్లలకు ఆపరేషన్లు చేయించింది. 2011లో వాళ్లు ప్రచురించిన ఫలితం ఇది: చేత్తో తడిమి గుర్తుపట్టిన వస్తువును, ఆపరేషన్ అయిన కొత్తలో ఆ పిల్లలు కంటితో గుర్తుపట్టలేకపోయారు. రోజులు గడిచేకొద్దీ మెరుగుపడ్డారు. చూడటమూ నేర్చుకోవాల్సిన పనే. ఎస్మెరాల్డా లాంటి అమ్మాయికి కట్లు విప్పితే, ఎదురుగా ఉన్నది మొహమా గోడా అన్నది తేల్చుకోవడానికే సమయం పట్టేది. అది ఎంత గొప్ప కథ! రాసే ఓపిక ఉన్నవాడికి ముప్పై ఎపిసోడ్లు. ఆ కథను అవతల పారేసి, వయొలిన్లు మోగించి ప్రియుడి మొహం చూపిస్తారు.

నటన సంగతి చెప్తే కడుపు మండుతుంది. చూపులేని పాత్ర అనగానే నటి కళ్లు పైకప్పు మీద నిలబెట్టి, రెండు చేతులూ ముందుకు చాచి, సొంతింట్లోనే సోఫా తగిలి పడుతుంది. ఎవరి ఇంట్లో వాళ్లు అలా పడరు. ఏ గడప ఎంత ఎత్తో పాదానికి తెలుసు. బయటికి వెళితే తెల్లకర్ర ఉంటుంది. కుడికాలు ముందుకు వేస్తుంటే కర్ర మొన ఎడమవైపు నేలను తడుముతుంది, ఎడమకాలు వేస్తుంటే కుడివైపు. నేర్చుకుంటే వచ్చే విద్య అది. వంటింట్లోకి రండి. పోపు వేసేటప్పుడు ఆవాలు చిటపటలాడటం చెవికి తెలుస్తుంది, ఇంగువ వేగడం ముక్కుకు తెలుస్తుంది. కాఫీ పోస్తుంటే గ్లాసు నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. చిల్లర తెచ్చిన కుర్రాడు మోసం చేశాడా లేదా అన్నది నోటు పొడవును వేలికి కొలుచుకుంటే తేలుతుంది. 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన 'మణి' యాప్ అదే పనిని పలికి చెప్తుంది. ఇంత ఉంటే, ఏ సీరియల్లోనైనా చూపులేని అమ్మాయి పోపు వేయగా మీరు చూశారా? ఆమెకు ఉద్యోగం ఉండదు, స్నేహితురాలు ఉండదు, ఫోన్ ఉండదు, చిరాకు కూడా ఉండదు. ఎప్పుడూ దీవిస్తూ, క్షమిస్తూ, ఏడుస్తూ ఉండాలి. అంత మంచిగా బతకడం కళ్లున్నవాళ్లకే చేతకాదు, ఆమె నెత్తిన ఎందుకు పెట్టారు?

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. చూపులేనివాళ్లూ సీరియళ్లు వింటారు. ఇంట్లో టీవీ నడుస్తుంటే అందరితోపాటు వాళ్లూ కూర్చుంటారు. అత్త తలుపు దగ్గరికొచ్చి ఆగుతుంది. మాట లేదు. ఉరుము. మళ్లీ ఉరుము. తల మూడుసార్లు తిప్పుతుంది, డ్రమ్ములు. వచ్చింది ఎవరు, చేతిలో ఏముంది, కోడలి మొహం ఎలా మారింది? పక్కవాళ్లను అడగాలి. వాళ్లేమో 'ఉండు, చూడనీ' అంటారు. కథలో చూపులేని అమ్మాయిని పెట్టి టీఆర్‌పీ తెచ్చుకునే ఛానల్, చూపులేని శ్రోతకు ఒక్క వాక్యం వర్ణన వినిపించదు. ఆడియో డిస్క్రిప్షన్ అనేది కొత్త విద్యేం కాదు. సినిమా హాళ్ల విషయంలో 2024లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. డైలీ సీరియల్‌కు ఆ బాధ్యత ఎందుకు ఉండకూడదు?

'కథే కదండీ, వినోదం కోసం' అంటారు. చాలా ఇళ్లలో జనానికి తెలిసిన ఒకే ఒక్క చూపులేని మనిషి టీవీలో మనిషే. అందుకే పెళ్లిచూపుల్లో 'ఆపరేషన్ చేయిస్తే రాదా?' అని అడుగుతారు. ఉద్యోగానికి వెళ్తే 'ఒక్కరే ఎలా వస్తారు?' అంటారు. బస్సులో అడక్కుండా రెక్క పట్టుకుని లాగుతారు. ఇవన్నీ ఒక్క సీరియల్ వల్లే వచ్చాయని నేననను. రోజూ రాత్రి నూరిపోసేది మాత్రం అదే.

నిజజీవితం వీళ్ల ఊహకు అందనంత ముందుంది. పల్నాడు కుర్రాడు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా చేసినవాడు, 2023 అర్జున పురస్కార గ్రహీత. ఆ ఆట చూడండి: లోపల బేరింగులు గలగలలాడే ప్లాస్టిక్ బంతి, చేయి కింది నుంచి వేసే బౌలింగ్, బంతి నేల మీద దొర్లే చప్పుడును పట్టుకుని స్వీప్ కొట్టే బ్యాట్స్‌మన్. మచిలీపట్నం దగ్గరి పల్లెటూరి నుంచి వెళ్లిన బొల్లా శ్రీకాంత్‌కు పదో తరగతి తర్వాత సైన్స్ ఇవ్వం అన్నారు. పోరాడి సాధించుకున్నాడు, ఎంఐటీలో చదివాడు, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. ఆయన మీద 2024లో 'శ్రీకాంత్' సినిమా వచ్చింది. రాజ్‌కుమార్ రావు బాగా చేశాడు, కాదనను. కానీ చూపులేని నటుడికి ఆ అవకాశం ఎప్పుడు? దొరకరనే మాట ఇక చెల్లదు. నెట్‌ఫ్లిక్స్ 2023లో 'ఆల్ ద లైట్ వీ కెనాట్ సీ' తీసినప్పుడు, అంతకుముందు ఎన్నడూ నటించని అరియా మియా లోబెర్టీని నాయికగా తీసుకుంది. ఆమె నిజంగా చూపు లేని మనిషి. వెతికారు, దొరికింది.

చట్టం కూడా మాట్లాడింది. 2024 జూలై 8న సుప్రీంకోర్టు, నిపుణ్ మల్హోత్రా కేసులో, తెర మీద వికలాంగులను ఎలా చూపాలో మార్గదర్శకాలు ఇచ్చింది. మూసపోసిన చిత్రణ వద్దంది, వైద్యపరమైన వివరాలు సరిచూసుకోమంది, రాసేటప్పుడు ఆ మనుషులనే సంప్రదించమంది. 2025 మార్చి 3న అదే కోర్టు, చూపు లేదన్న కారణంతో న్యాయాధికారి ఉద్యోగానికి ఎవరినీ అనర్హులని అనకూడదని తేల్చింది. చూపులేని మనిషి జడ్జి కుర్చీలో కూర్చోవచ్చు. మన సీరియల్లో మాత్రం ఆమె ఇంకా గోడ తడుముకుంటోంది.

తెలుగు తెరకు ఇది చేతకాని పనేం కాదు. 1986లో కె. విశ్వనాథ్ 'సిరివెన్నెల'లో వేణువిద్వాంసుడు హరిప్రసాద్ చూపు లేకుండానే కథానాయకుడు. ఎవరూ ఆయన కళ్లకు కట్లు విప్పలేదు. జనం ఆదరించారు.

కాబట్టి ఛానళ్లకూ, ప్రొడక్షన్ హౌసులకూ ఒకటే చెప్తున్నాను. చూపులేని పాత్రను రాయాలనుకుంటే, మొదటి ఎపిసోడ్ రాయకముందే చూపులేని రచయితను జీతమిచ్చి టీమ్‌లోకి తీసుకోండి. ఆ పాత్రకు ముందు చూపులేనివాళ్లను ఆడిషన్‌కు పిలవండి. కంటి ఆపరేషన్ సీన్ ఉంటే కంటి డాక్టరుతో చదివించండి. ఆమెకు ఒక ఉద్యోగం, ఒక కోపం, ఒక తప్పు ఇవ్వండి. చివరి ఎపిసోడ్‌లో ఆమెను చూపు లేకుండానే ఉండనివ్వండి. చూసే మనమూ ఊరికే కూర్చోవద్దు. ఈసారి కట్లు విప్పే సీన్ వస్తే ఛానల్‌కు ఉత్తరం రాయండి, ఇది అబద్ధమని.