అప్పన్న గుడిలో మన చోటు

మాకవరపాలెంలో మహిళా సంఘాల సమావేశానికి వెళ్ళినప్పుడల్లా హాజరు పుస్తకం దగ్గర నా చూపు ఆగుతుంది. అప్పలనరసమ్మ, అప్పలకొండ, సింహాచలం, అప్పాయమ్మ... ఏ పేజీ తిప్పినా ఈ పేర్లే. సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని కన్న బిడ్డలకు పెట్టుకున్న పేర్లివి. ఆయన మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ళ పేర్లలోనే కొలువున్నాడు. మరి ఆయన గుడిలో మనకున్న చోటేమిటి?

విశాఖపట్నం దగ్గర కొండమీద వరాహ లక్ష్మీనరసింహస్వామి ఆలయం పడమటి ముఖంగా ఉంటుంది. ఏడాదంతా స్వామి చందనపు పూతలో ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే నిజరూప దర్శనం. 11వ శతాబ్దం చివరినాటి కులోత్తుంగ చోళుని శాసనం, 13వ శతాబ్దంలో తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుని నిర్మాణం, 1516లో శ్రీకృష్ణదేవరాయల రాక - వీటిని అందరూ చెబుతారు.

అంతగా చెప్పనివి కూడా ఆ రాళ్ళమీదే ఉన్నాయి. 12వ శతాబ్దంలో స్వామి విగ్రహానికి బంగారు తొడుగు చేయించింది ఒక స్త్రీ. ఆమెను చాలా పుస్తకాలు 'వెలనాటి గొంకరాజు రాణి' అని చెప్పి ఊరుకుంటాయి. స్వామి ముందు పాడిన, ఆడిన సానుల ప్రస్తావనలూ శాసనాల్లో ఉన్నాయి. 96 నల్లరాతి స్తంభాల మండపాన్ని చూసి శిల్పుల పనితనాన్ని మెచ్చుకుంటాం. గుడిలో కాలికి గజ్జె కట్టిన ఆడవాళ్ళు మాత్రం మనకు గుర్తుకు రారు. తర్వాతి కాలంలో 'సాని' అన్న మాటే తిట్టయింది. ఆడపిల్లలను దేవుడికి అంకితమివ్వడాన్ని 1947లో మద్రాసు చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం నిషేధించాయి. ఆ దురాచారం పోవలసిందే. అంతమాత్రాన ఆ స్త్రీల విద్యను, శ్రమను చరిత్రలోంచి చెరిపేయనక్కర లేదు.

గుడిలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే సంతానం కలుగుతుందని నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. అయితే ఆ స్తంభం దగ్గర, వెనక అత్తగారు నిలబడి ఉండగా కళ్ళు మూసుకున్న కోడళ్ళను చూశాను. పిల్లలు కలగకపోవడానికి కారణం మగవాడిలోనూ ఉండవచ్చని వైద్యం ఎప్పుడో తేల్చింది. అయినా ఉపవాసాలూ ఆమెవే, నిందా ఆమెదే. స్తంభం దగ్గరికి తీసుకువెళ్ళేవాళ్ళు భార్యాభర్తలిద్దరినీ డాక్టరు దగ్గరికీ తీసుకువెళ్ళాలని మన కార్యకర్తలు ఇంటింటా చెప్పాలి.

ఇక రక్షణ మాట. 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవం నాటి తెల్లవారుజామున, క్యూలో నిలబడ్డ భక్తులపై గోడ కూలి ఏడుగురు చనిపోయారు. వారిలో స్త్రీలూ ఉన్నారు. ఆషాఢ పౌర్ణమికి కొండచుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసేవారిలో ఆడవాళ్ళెందరో. దారిలో మరుగుదొడ్డి, మంచినీళ్ళు, వెలుతురు, గట్టి గోడ - ఇవి దేవుడి దయవల్ల దొరికేవి కావు, అడిగి తీసుకోవలసిన హక్కులు.

ఎవరిని అడగాలి? నామినేటెడ్ పదవుల్లో సగం స్త్రీలకివ్వాలని 2019లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. కనుక మన ఊరి చిన్న గుడి మొదలు సింహాచలం దాకా, పాలకమండలిలో ఎందరు స్త్రీలున్నారో, వారిలో దళిత, బీసీ స్త్రీలెందరో మన సంఘాలు లెక్క తీయాలి. ఉన్నవారు సమావేశాల్లో మాట్లాడుతున్నారో, సంతకాలు పెట్టి వస్తున్నారో కూడా చూడాలి. కుర్చీ ఆమెకిచ్చి మాట భర్తకిచ్చిన పంచాయతీలను మనం చూడలేదా?

దేవుడికి బంగారు తొడుగు చేయించినప్పుడు ఆడవాళ్ళు పనికొచ్చారు. గుడి లెక్కలు చూడడానికి, గోడ గట్టిదో కాదో అడగడానికి పనికిరారా? అప్పన్న పేరు పెట్టుకున్న ఆడవాళ్ళే ఈ ప్రశ్న ముందుగా అడగాలి.