కొద్ది ఆజ్ఞల యంత్రం

సెల్‌ఫోనులో ఫ్యాను వుండదు, బల్లమీది కంప్యూటరులో మాత్రం యెందుకు వుంటుందని ఒక సోదరి మాకు వ్రాశారు. రెండూ లెక్కలు చేసే యంత్రాలే కదా అని వారి సందేహం. ప్రశ్న చిన్నదే గాని జవాబు కోసం కొంచెం దూరం పోవలసి వున్నది.

ప్రాసెసరు అనే భాగాన్ని కంప్యూటరుకు మెదడు అంటూ వుంటారు. మాకు ఆ పోలిక నచ్చదు. అది ఆలోచించేది కాదు, చెప్పిన పని చేసేది. మా వంటి గుమాస్తాతో పోలిస్తే సరిపోతుంది. దానికి తెలిసిన ఆజ్ఞల పట్టీ ఒకటి వుంటుంది. పట్టీలో లేని మాట దానికి బోధపడదు.

పూర్వపు ప్రాసెసర్లలో ఈ పట్టీ పెరుగుతూ వచ్చింది. "బీరువాలోని ఫలానా కాగితం తీసి, దాని మీది అంకెకు ఈ అంకె కలిపి, తిరిగి అక్కడే పెట్టు" అన్నది ఒకే ఆజ్ఞ. ఇటువంటి వాటిని విడదీసి అర్థం చేసుకునేందుకే లోపల చాలా సరంజామా కావలసి వచ్చేది. అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో జాన్ కాక్ గారు, తరువాత 1980 ప్రాంతంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్ గారు మొదలయినవారు, ప్రోగ్రాములు తరచు వాడుకునేవి కొన్ని తేలిక ఆజ్ఞలనే అని గమనించి, పట్టీని కుదించారు. ఈ పద్ధతికే రిస్క్ అని పేరు. అపాయమని అర్థం కాదు. తగ్గించిన ఆజ్ఞల పట్టీ గల కంప్యూటరు అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు.

ఇందులో కాగితం తీయడం ఒక ఆజ్ఞ, కూడడం ఒకటి, తిరిగి పెట్టడం ఒకటి. లెక్క యేదయినా బల్ల మీదనే జరగాలి, బీరువా దగ్గర నిలబడి చేయరాదు. ఆజ్ఞలన్నీ ఒకే పొడుగు గనుక, ఒకటి అమలు జరుగుతుండగానే రెండవదాన్ని చదవవచ్చు, మూడవదాన్ని తెచ్చుకోవచ్చు. టపా విప్పేవారు, చదివేవారు, జవాబు వ్రాసేవారు వరుసగా కూర్చున్న ఆఫీసులో పని సాగినట్లే. ఆజ్ఞలు తగ్గితే పని తగ్గిందనుకోరాదు సుమా! అదే పనికి యెక్కువ పంక్తులు వ్రాయవలసి వస్తుంది. ఆ శ్రమ ప్రోగ్రామును తర్జుమా చేసే కంపైలరు మీద పడుతుంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న కంపెనీ బళ్ళకు కంప్యూటర్లు చేసి అమ్మేది. కొత్త యంత్రానికి తగిన ప్రాసెసరు బజారులో కనబడక, 1983లో తామే చేసుకోవాలని పూనుకున్నారు. ఆజ్ఞల పట్టీ కూర్చినవారు సోఫీ విల్సన్ గారు. లోపలి కట్టుబడి స్టీవ్ ఫర్బర్ గారిది. మనుషులూ తక్కువ, డబ్బూ తక్కువ. తేలిక పద్ధతి తప్ప వారికి గత్యంతరం లేదు. 1985 ఏప్రిల్ 26న మొదటి ఆర్మ్ చిప్పు చేతికి వచ్చింది, ఆ రోజే పని చేసింది. అందులో ట్రాన్సిస్టర్లు సుమారు 25,000. అదే యేడు వెలువడిన ఇంటెల్ వారి 386లో 2,75,000! చవక ప్లాస్టిక్ తొడుగు సరిపోవాలంటే వేడి పుట్టకూడదని ముందే జాగ్రత్తపడ్డారు. తరువాత ఫర్బర్ గారు కరెంటు కొలవబోతే మీటరు సున్నా చూపింది. తీరా చూస్తే చిప్పుకు కరెంటు కలపనే లేదట. సంకేతాలు వచ్చే తీగెల గుండా చేరిన కొద్దిపాటి విద్యుత్తుతోనే అది నడుస్తున్నది. ఈ ముచ్చట యెన్నిసార్లు చెప్పినా మాకు తనివి తీరదు.

1990లో ఏకార్న్, ఆపిల్, వి.ఎల్.ఎస్.ఐ. టెక్నాలజీ కంపెనీలు కలిసి ఆర్మ్ కోసం వేరే కంపెనీ పెట్టినవి. చేరిన ఇంజనీర్లు 12 మంది. తాము చిప్పులు చేయక, నమూనా వాడుకునే హక్కును ఇతరులకిచ్చి రుసుము పుచ్చుకోవడం వారి వ్యాపారమయింది. 1997లో నోకియా 6110 ఫోనులో ఆర్మ్ వున్నది. 2021 నాటికి ఈ కుటుంబపు చిప్పులు 20,000 కోట్లు దాటినవి. 2020లో ప్రపంచంలో మొదటి స్థానం పొందిన జపాను మహాకంప్యూటరు ఫుగాకు కూడా ఈ ఇంటిదే.

అయితే బల్లమీది కంప్యూటరు వేడి అంతా ఆజ్ఞల పట్టీ వల్లనే అనడం న్యాయం కాదు. 1995 నాటి పెంటియం ప్రో నుంచి ఇంటెల్ వారు కూడా పొడుగు ఆజ్ఞలను లోపల చిన్న ముక్కలు చేసే నడుపుతున్నారు. వేగం కోసం యెక్కువ కరెంటు ఖర్చు పెట్టడమే ఫ్యానుకు ముఖ్య కారణం.

ఇక్కడ మన సంఘానికి పనికివచ్చే మాట ఒకటి. చదువుగదికి చవకగా రాస్ప్‌బెర్రీ పై కొందామని కొందరు సభ్యులంటున్నారు. చదువుకునే పిల్లలకు మంచిదే. కాని అది ఆర్మ్ యంత్రం. మన చందాల లెక్క ప్రోగ్రాము ఇంటెల్ పట్టీకి, విండోస్‌కు వ్రాసినది. దాని మీద నేరుగా నడవదు. ఆపిల్ వారు 2020లో తమ కంప్యూటర్లను ఆర్మ్‌కు మార్చినప్పుడు పాత ప్రోగ్రాముల కోసం ఒక దుబాసీ ప్రోగ్రామును వెంట ఇవ్వవలసి వచ్చింది. ఇరవై యేళ్ళ చందాదారుల పేర్లు ఆ లెక్కలో వున్నవి. కొత్తది వచ్చిన రోజే పాతదాన్ని తీసివేయవద్దని మా మనవి.

ఆర్మ్ పట్టీ ఒక కంపెనీ సొత్తు. వాడుకునేవారు రుసుము కట్టుకోవాలి. 2010లో బర్క్‌లీలోనే మొదలయిన రిస్క్-ఫైవ్ పట్టీకి ఆ రుసుము లేదు. యెవరయినా చదివి, దాని ప్రకారం ప్రాసెసరు కట్టుకోవచ్చు. మదరాసు ఐ.ఐ.టి.లో కామకోటి గారి ఆధ్వర్యాన శక్తి అనే ప్రాసెసర్లను ఈ పట్టీతోనే చేశారు. 2018లో ఒక చిప్పును అమెరికాలో ఇంటెల్ వారి వద్ద అచ్చు వేయించారు. మరొకటి మన దేశంలోనే, చండీగఢ్ కర్మాగారంలో తయారయింది.