ఇల్లు బండి నెక్కినప్పుడు



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని పెద్దలు చెప్పిరి. గడచిన దసరా సెలవుల పిమ్మట మేము దానికి మూడవ మాట నొకటి చేర్చుచున్నాము: ఇంటిని బండి కెక్కించి చూడుము. సూర్యాపేట నుండి జగన్నాథపురి వఱకు కుటుంబసమేతముగా కారవాను బండిలో మేము చేసిన ప్రయాణమును గూర్చి వ్రాయుమని పలువురు సోదరీమణులు కోరియున్నారు. పురీక్షేత్రమును గూర్చి వ్రాసినవారు పెక్కండ్రు కలరు. మేము ఈ నెల బయలుదేఱుటను గూర్చి మాత్రమే వ్రాసెదము. బండి కదలిన తరువాత కలుగు కష్టములలో సగము బండి కదలకమునుపే మన చేతులారా సర్దుకొన్నవి గనుక.

ఇంటినే వెంట గొనిపోవు ప్రయాణము మన ఆచారమునకు క్రొత్త యని కొందఱు తలంపవచ్చును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18 వ తేదీని చెన్నపట్టణము విడిచి కాశికి బయలుదేఱినప్పుడు ఇంటి ఆడువారును, సుమారు నూరుమంది పరివారమును, గుడారములును వెంటనుండెను. వారు తిరుగుదారిలో జగన్నాథము మీదుగా సముద్రతీరపు త్రోవను వచ్చి 1831 సెప్టెంబరు 3 వ తేదీని ఇల్లు చేరిరి. ఆ యాత్రాచరిత్రము 1838 లో అచ్చుపడినది. అంతదూర మేల? మన సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్ల కొకమాఱు లింగమంతుల స్వామి జాతర జరుగును. పూర్వము గూడుబండ్లలో వచ్చిన కుటుంబములే నేడు ట్రాక్టరు ట్రాలీలపై టార్పాలిను కప్పుకొని, బియ్యము, వంటపాత్రలతో వచ్చి, గుట్టక్రింద వండుకొని రాత్రులు గడుపుచున్నవి. సీమలో వినోదయాత్రకై గృహము వంటి గుఱ్ఱపుబండిని మొదట చేయించుకొన్న గోర్డన్ స్టేబుల్సు అను వైద్యుని బండి 1885 నాటిది. అది రెండు టన్నులకు దాపు బరువుండెను. కేరళ ప్రభుత్వము 2021 లో కారవాను యాత్రలను ప్రోత్సహింప నారంభించినది. కావున వస్తువు పాతదే, చక్రములు మాత్రము క్రొత్తవి.

మాకు బండి కావలసివచ్చుటకు కారణము వినోదము కాదు, మా అత్తగారు. వారికి డెబ్బది యెనిమిది యేండ్లు. సముద్రమును చూడలేదు. పురి చూడవలెనని ఇరువది యేండ్లుగా అనుచునే యున్నారు. రెండు మోకాళ్లును అరిగినవి; నేలపై కూర్చుండి లేవలేరు. బస్సు ప్రయాణమనగా ముందునాటి సాయంకాలము నుండియే మంచినీళ్లు మానివేయుదురు. త్రోవలో మఱుగుచోటు దొరకదేమో, దొరకినను తాము లేవలేమేమో అను భయము. ఇది మా అత్తగారి కొక్కరికే గల భయము కాదని ఈ పుట చదువు ప్రతి సోదరికిని తెలియును. మనలో ఎందఱు పెండ్లిండ్లకును యాత్రలకును పోవునప్పుడు దాహమును ఓర్చుకొని కూర్చుండలేదు? నీరు త్రాగకున్న మూత్రమునందు మంట, జ్వరము కలుగునని వైద్యులు చెప్పుదురు. ఎండలో కన్నుచీకట్లు క్రమ్మి పడిపోవుటయు కలదు. ఎత్తైన కుర్చీవంటి మఱుగుదొడ్డి వెనుకభాగమున గల బండిని అద్దెకు చూచితి మని మా వారు చెప్పిన దినమున అత్తగారు ఏమియు అనలేదు. మఱునాడు మాత్రము తమ ట్రంకుపెట్టెను దులిపి ఎండలో పెట్టిరి.

బండి హైదరాబాదు నుండి వచ్చినది. డ్రైవరు గాక నలుగురు పండుకొనుటకు మంచములు, చిన్న పొయ్యి, 150 లీటర్ల నీటితొట్టి, 20 లీటర్ల మలినపు డబ్బాతో కూడిన మఱుగుదొడ్డి యుండెను. తక్కినవారికి గుడార మొకటి. పోవలసినవారము మా వారు, మేము, ఇద్దఱు పిల్లలు, అత్తగారు, మిర్యాలగూడలోని మా ఆడుబిడ్డ, డ్రైవరుతో కలిసి ఏడుగురము. ఎంతటి సామానైనను పట్టునని అద్దెకిచ్చిన ఆసామి చెప్పెను. ఆ మాట మేము నమ్మితిమి. అరణ్యవాసమునకు పోయిన ద్రౌపదికి సూర్యుని అక్షయపాత్ర కలదు గాని మాకు లేదు గదా యని, బియ్యము రెండు బస్తాలు, పప్పులు, ఆవకాయ జాడీలు, ఇంటి పెద్ద గ్యాసు సిలిండరు, ఇత్తడిగిన్నెలు, పరుపులు, నిండిన నీటితొట్టి, అన్నియు ఎక్కించితిమి. పట్టినవి. పట్టుట వేఱు, మోయుట వేఱు అని అప్పుడు మాకు తోచలేదు.

సూర్యాపేట నుండి కోదాడకు జాతీయ రహదారిపై తిన్నగా పోయినచో గంట ప్రయాణము. ఆడుబిడ్డను ఎక్కించుకొనుటకై మేము మిర్యాలగూడ చుట్టు తిరిగి పోవలసివచ్చినది. ఆ చుట్టుత్రోవయే మమ్ము కాపాడినది. మిర్యాలగూడ బియ్యపుమిల్లుల పట్టణమని మీ రెఱుగుదురు. సాగరు ఎడమకాలువ పారినది మొదలు ఆ సీమ వడ్లన్నియు అచ్చటికే చేరును. ప్రతి మిల్లుచెంతను లారీని లారీగా తూచు కాటా యుండును; దానిని ధర్మకాంటా యని పిలుతురు. మా ఆడుబిడ్డ పెనిమిటి ఒక మిల్లులో లెక్కలు వ్రాయుదురు. బండి వెనుకచక్రములు అణగియుండుట చూచి, “బావా, ఒకసారి తూపిద్దాం” అని మా వారితో అనిరి.

ఏడుగురమును ఎక్కి కూర్చుండగా తూచిరి. రిజిస్ట్రేషను పత్రమునందు వ్రాసిన పరిమితికంటె 240 కిలోలు అధికముండెను. అంత బరువుతో బ్రేకు వేసినచో బండి ఆగుటకు మఱింత దూరము పట్టుననియు, ఎండకు కాగిన రహదారిపై టైర్లు వేడెక్కి పగులవచ్చుననియు, ప్రమాదము జరిగినచో బీమావారు సొమ్ము నిరాకరింపవచ్చుననియు ఆయన చెప్పిరి. మేము సిగ్గుపడితిమి. ఆ బరువులో ముప్పాతిక భాగము మా చేతులతో సర్దినది.

దింపుట మొదలుపెట్టితిమి. లీటరు నీరు కిలో బరువు. త్రోవ పొడుగునను నీరు దొరకుచుండగా 150 లీటర్లు మోయనేల? 110 విడిచితిమి. బియ్యములో 40 కిలోలు దింపితిమి; వరిపండు నేలనుండి వరిపండు నేలకే పోవుచుంటిమి గదా. పెద్ద సిలిండరు 30 కిలోలు. ఇంటి సిలిండరును కదలు బండిలో పెట్టుకొనుట అపాయ మనియు అప్పుడు తెలిసినది. చిన్నది చాలును. జాడీలు, పప్పులు 25. గిన్నెలు, అదనపు పరుపులు 25. అన్నియు కలిసి 230. ఇంకను 10 కిలోలు మిగిలెను.

ఏమి తీయుదుమా యని మేము బండిలోపల వెదకుచుండగా అత్తగారు మెట్టుమీదికి వచ్చి నిలుచుండిరి.

“నన్నీడనే దించి పోండ్రి బిడ్డా. బిడ్డ ఇంటికాడ ఉంట. పిల్లలు సముద్రం జూసొస్తరు” అనిరి.

వేళాకోళము కాదు. వారి ముఖమున కోపమును లేదు. మేము బండిలో ప్రతివస్తువునకును బరువు లెక్కకట్టుచుండగా వారు విని, తమ బరువును గూడ ఆ లెక్కలో వేసికొనిరి. సత్యభామాదేవి నగలన్నియు తూచినను తూగని తులాభారము ఒక్క తులసిదళముతో తూగినదని చిన్ననాట చదువుకొన్న మాకు, ఏది బరువో ఏది కాదో ఆ కాటామీద నిలిచి తెలిసికొనవలసివచ్చెను. మేము ఏమి బదులు చెప్పితిమో మాకే గుర్తులేదు. అత్తగారి చేయి పట్టుకొని లోపల కూర్చుండబెట్టితిమి. అప్పుడు వారు కాలితో తమ ట్రంకుపెట్టెను ముందుకు త్రోసి, “అట్లయితే దీన్ని దించుండ్రి” అనిరి.

పెట్టె 12 కిలోలు తూగెను. అందేమున్నదని ఆడుబిడ్డ మూత తీసెను. మడతవిప్పని తెల్లని చీర, మూతబిగించిన గంగాజలపు చెంబు, విభూతిపొట్లము, రుమాలులో ముడివేసిన నోట్లు. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత వారి తరమువారిది. త్రోవలో తమకేమైన జరిగినచో కొడుకునకు వెదకులాట లేకుండ అన్నియు సిద్ధపఱచుకొని బయలుదేఱిరి. ఆడుబిడ్డ ఏడ్చెను. అత్తగారు మాత్రము, “ఇగ దాంతోని పనిలేదు, బిడ్డ ఇంట్ల ఉండని” అని కిటికీవైపు తిరిగిరి.

బరువు పరిమితికి లోబడెను. మధ్యాహ్నభోజనము ముగించి నేరేడుచర్ల, హుజూర్‌నగరుల మీదుగా కోదాడ త్రోవ పట్టితిమి. ఇరువైపుల పొట్టకు వచ్చిన వరి. అత్తగారిని మంచముపై పండుకొనబెట్టి తీసికొనిపోవచ్చునని మేము మొదట సంతసించితిమి గాని, అది పొరపాటు. కదలు బండిలో పండుకొన్నవారు ఒక్క బ్రేకుతో క్రింద పడుదురు. మంచము ఆగినప్పటికి, కదలునప్పుడు కుర్చీయును, నడుముపట్టీయును. అంతసేపు కూర్చున్నచో కాళ్లు వాచును గనుక రెండుగంటల కొకమాఱు దింపి పదియడుగులు నడిపించితిమి.

మొదటిరాత్రి కోదాడలోనే ఆగవలెనని మా వారు ముందే నిర్ణయించిరి. మొదటి మజిలీ ఇంటికి దూరముగా నుండరాదు, ఏది మఱచితిమో ఆ రాత్రి తెలియును అని వారి వాదము. ఒకనాటికి ఇంత స్వల్పప్రయాణ మేమని పిల్లలు గునిసిరి. మా వారి స్నేహితు లొకరి విశాలమైన వాకిట బండి నిలిపితిమి. అవి బతుకమ్మ దినములు. ఆ యింటివారు తంగేడు, గునుగు, బంతి పేర్చుచుండిరి. అత్తగారు కుర్చీలో కూర్చుండియే పళ్లెములో చిన్న బతుకమ్మను పేర్చి ఇచ్చిరి. ఇల్లు విడిచితిమి గాని పండుగ విడువలేదు.

రాత్రి భోజనానంతరము అత్తగారు మాత్రలు వేసికొనకుండుట మేము గమనించితిమి. అడుగగా మాట దాటవేసిరి. మరల అడుగగా, “ఒక్కపూట మింగకుంటే ఏమైతది బిడ్డా” అనిరి. రక్తపుపోటు మాత్రల సంచి ఆ ట్రంకుపెట్టెలోనే యుండెను. పెట్టెను దింపిన కొంతసేపటికే వారికి జ్ఞాపకము వచ్చినది. చెప్పినచో మేము బండి మరలింతుమని, తమవలన మరల జాప్యము కలుగునని, నోరు మూసికొనిరి. పదునాలుగు దినముల ప్రయాణము మాత్రలు లేకయే గడుపదలచిరి.

మిర్యాలగూడకు ఫోను చేసితిమి. పెట్టె తెఱచి, మాత్రల అట్టకును వైద్యుని చీటికిని ఫొటోలు తీసి పంపిరి. కోదాడ మందులదుకాణము ఇంకను మూయలేదు. అరగంటలో మాత్రలు వచ్చినవి. ఇదే ఒడిస్సా త్రోవలో నడిరాత్రి యైనచో? ఆ తలంపుతో మాకు చాలసేపు నిద్రపట్టలేదు. కోపపడుదమన్నను ఎవరిపై కోపపడుదుము? పెద్దలు తమ అవసరమును చెప్పుటకు జంకుచున్నా రనగా, వారు జంకునట్లు మనము నడచికొన్నామని అర్థము. పొద్దుటినుండి మా నోట బరువు, కిలో, ఆలస్యము అను మాటలే తప్ప మఱొకటి వచ్చినదా?

తెల్లవాఱుజామున లేచి వారి ప్రక్కన కూర్చుండి ఇట్లంటిమి: “అత్తమ్మా, ఈ బండి మీ కోసము తెచ్చినది. మీరు ఆపుమన్నచోట ఆగును. చెప్పకున్న మాకు కష్టము, చెప్పినచో కాదు.” వారు తల యూపిరి. బండి కదలుటకు ముందు మేము చెంబుతో నీళ్లు అందించితిమి. వెనుకనున్న చిన్న తలుపువైపు ఒకసారి చూచి, చెంబెడు నీళ్లును త్రాగిరి. మా కాపురమునకు వచ్చి పదునాలుగేండ్లైనను, ప్రయాణపు ఉదయమున మా అత్తగారు నీరు త్రాగుట మేము చూచుట అదియే మొదటిసారి. పాలేరు వంతెన దాటి ఆంధ్రదేశమున ప్రవేశించునప్పటికి తూర్పు తెల్లబడుచుండెను.

ఇట్టి ప్రయాణము తలపెట్టు సోదరీమణులకు మా విన్నపము. బండి నిండిన పిమ్మట మనుష్యులతో సహా తూపింపుడు. అద్దెబండి యైనచో ఇతర రాష్ట్రములకు పోవుటకు దానికి టూరిస్టు పర్మిటు కలదో లేదో ముందే చూడుడు. పెద్దల మాత్రలు రెండు సంచులలో, రెండు వేఱుచోట్ల ఉంచి, వైద్యుని చీటిని ఫోనులో ఫొటో తీసికొనుడు. మొదటిరాత్రి ఇంటికి దాపున గడుపుడు. మలినపు డబ్బాను పొలములందును కాలువలందును పాఱబోయక, పెట్రోలుబంకు మఱుగుదొడ్డిలో అనుమతి యడిగి ఖాళీచేయుడు. అన్నిటికంటె ముందు, బండిలో ఎవరు నీళ్లు త్రాగుట మానిరో కనిపెట్టుడు. ఆమెకు ఏదో చెప్పవలసినది కలదు.

పురిలో సముద్రమును చూచి మా అత్తగారు ఏమనిరో వచ్చు నెల వ్రాసెదము.