మీ మెయిల్ అడ్రస్ ఎవరి చేతిలో ఉంది?

పులివెందుల, వేముల చుట్టుపక్కల డిప్లొమా, ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు తుమ్మలపల్లె అంటే ముందు గుర్తొచ్చేది యురేనియం గని. కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ ప్లాంటు ఊరి పక్కనే ఉన్నప్పుడు అందులో కొలువు మీద ఆశ పెట్టుకోవడం సహజం. ఆ ఆశ సంగతి తెలిసినట్టే ఒకరోజు మీకు మెయిల్ వచ్చిందనుకోండి. 'మీరు ఎంపికయ్యారు. వెరిఫికేషన్ ఫీజు కట్టండి, చేరాక తిరిగి ఇస్తాం' అని ఉంటుంది. పేరు, బ్రాంచి, పాసైన సంవత్సరం అన్నీ సరిపోతాయి. ఇక నమ్మకుండా ఎట్లా ఉంటారు? శెనక్కాయలు అమ్మి దాచిన డబ్బో, నాన్న వడ్డీకి తెచ్చిన డబ్బో అటే పోతుంది.

ఆ వివరాలు వాడికెట్లా తెలిశాయి? చాలాసార్లు మనమే ఇచ్చి ఉంటాం. జాబ్ అప్‌డేట్స్ గ్రూపుల్లో తిరిగే గూగుల్ ఫారాన్ని ఎవరు తయారుచేశారో చూడకుండా నింపేస్తాం. రెజ్యూమెలో ఫోన్, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి నంబరుతో సహా రాసి అందరికీ కనపడేలా పెట్టేస్తాం. వెబ్ పేజీలను వరసగా తిరగేస్తూ మెయిల్ అడ్రసులను ఏరుకునే ప్రోగ్రాములకు అంతకంటే ఏం కావాలి?

కాలేజీలూ తక్కువేం కాదు. డ్రైవ్ సమాచారం పంపేటప్పుడు బ్యాచ్ మొత్తం అడ్రసులను 'టు' గడిలో వేసేస్తారు. అలాంటి మెయిల్ ఒకటి చేతులు మారి మా దాకా వచ్చింది. ఆ పిల్లల్లో ఏ ఒక్కరి ఖాతా దొంగల చేతికి చిక్కినా మిగతా అందరి అడ్రసులూ పోయినట్టే. అదే జాబితాను 'బీసీసీ' గడిలో వేస్తే ఒకరిది ఒకరికి కనపడదు. పైసా ఖర్చు లేదు. 'సార్, బీసీసీలో పంపండి' అని ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఈ ఏరుకోవడం ఇప్పటిది కాదు. తొలి స్పామ్‌గా చెప్పుకొనే మెయిల్ 1978 మే 3న వెళ్లింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, ఆర్పానెట్ వాడేవాళ్ల అచ్చు డైరెక్టరీలోంచి దాదాపు 400 అడ్రసులు తీసుకుని కంప్యూటర్ల ప్రచారం పంపించాడు. గడిలో పట్టక కొన్ని అడ్రసులు మెయిల్ లోపలికే దొర్లాయట!

చట్టం కాపాడదా అంటే, కొంతవరకే. కంప్యూటర్ సాయంతో వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. కానీ స్పామ్‌ కోసమే ప్రత్యేకంగా చేసిన చట్టం మనకు లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఒక మాట మాత్రం ఉద్యోగార్థులు తప్పక తెలుసుకోవాలి. మనంతట మనమే బహిరంగంగా పెట్టుకున్న వివరాలకు ఆ చట్టం వర్తించదు. అందరికీ కనపడేలా పెట్టిన రెజ్యూమె అట్లాంటిదే.

కాబట్టి రెండు అడ్రసులు పెట్టుకోండి. పరీక్షలకు, అసలు దరఖాస్తులకు ఒకటి, జాబ్ సైట్లకు, ఫారాలకు ఇంకొకటి. జీమెయిల్‌లో ఇంకో సదుపాయం ఉంది. అడ్రసులో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఆ సైటు పేరు కలిపినా మెయిల్ మీకే వస్తుంది. తర్వాత ఆ అడ్రసుకు చెత్త వచ్చిందంటే ఎవరి దగ్గర్నుంచి బయటికి పోయిందో తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, అది వేరే సంగతి. ముక్కూమొహం తెలియని మెయిల్ కింద 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కకండి. ఈ అడ్రసు వాడకంలో ఉందని మీరే చెప్పినట్టవుతుంది. పంపినవారి పేరు చూసి ఆగిపోకుండా, దాని వెనకున్న అసలు అడ్రసు తెరిచి చూడండి. ప్రభుత్వ సంస్థ పేరుండి అడ్రసు మామూలు జీమెయిల్‌ది అయితే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ ఉందో లేదో చూసే దాకా జవాబివ్వొద్దు.

స్పామ్ ఫోల్డర్‌నూ వారానికోసారి చూడాలి. చెత్తలో కలిసి అసలైన కాల్ లెటర్ అక్కడికే పోవచ్చు. 30 రోజులు దాటితే జీమెయిల్ దాన్ని తనంతట తానే తుడిచేస్తుంది.

ఒకవేళ డబ్బు కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో ఏమంటారోనని రెండు రోజులు దాచుకుంటే, ఈలోపు ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారిపోతుంది.