పలక నేర్పిన లెక్క

మార్కాపురపు పలకపై ఓనమాలు దిద్దినవారు మనలో పెక్కుమంది. ఆ తరగతిగదియే నేఁడు కంప్యూటరునకు గురువైనది.

చీమలబారును జూచి 1992లో ఇటలీయందు డొరిగో దగ్గఱిత్రోవ వెదకు లెక్కను గట్టెను. 2011లో సూరతునందలి ఆచార్య రావిపూడి వేంకటరావుగారు సహచరులతోఁ గూడి తరగతిని జూచి మఱియొకటి కల్పించిరి. అందు పరిష్కారములే విద్యార్థులు. వానిలో మేలైనది గురువు. మొదట గురువు తరగతినంతటిని పైకి లాగును. పిమ్మట విద్యార్థులు ఒకరినుండి యొకరు నేర్తురు. పలుమాఱులిట్లు సాగఁగా మేలైన యంత్రనిర్మాణము తేలును.

వేసవిలో గిద్దలూరు పల్లెలకు నీటిబండి యేత్రోవఁ బోవలెనో యనునదియు నిట్టి లెక్కయే. దానిని గట్టవలసినది నేఁడు బిందె మోయు బాలికయే కావచ్చును. నీళ్లకై యామెను బడి మాన్పింపకుఁడు!