గోడ లోపలి వీధి

కిందటి వేసవిలో మేమూ మా ఆవిడా ఇటలీ వెళ్లివచ్చిన సంగతి బరంపురంలో మనవాళ్లందరికీ తెలిసినదే. ఇన్నాళ్లూ ఈ పుటలో దానిని గురించి రాయకపోవడానికి ఒక కారణమున్నది. అది చివర మనవి చేస్తాము.

గుమాస్తాకు ఇటలీ ఏమిటని నవ్వినవారున్నారు. ఆ డబ్బు మాది కాదు. మా ఆవిడ పన్నెండేళ్లపాటు కట్టిన చీటీలది.

రోములో కారు అద్దెకు తీసుకున్నాము. అంతర్జాతీయ లైసెన్సు ఇక్కడి రవాణా ఆఫీసులోనే తీసుకుని వెళ్లాము. అయితే అక్కడ నడపవలసినది రోడ్డుకు కుడివైపున, స్టీరింగేమో ఎడమవైపున. తప్తపాణి ఘాటులో ఆరితేరిన మా ఎడమచేయి మొదటిరోజంతా గేరుకోసం తలుపును తడుముతూనే ఉన్నది.

ఆ దేశంలో పాత ఊళ్లు కొండల నెత్తిన ఉంటాయి. పల్లపు నేలల్లో మలేరియా, ఆపైన శత్రుభయం. అందుచేత ఎత్తున గోడ కట్టుకుని బతికారు. ఒర్వియేతో అటువంటిదే. 1527లో రోము కొల్లగొట్టబడినప్పుడు పోపు ఏడవ క్లెమెంటు అక్కడికి పారిపోయి వచ్చి, ముట్టడి జరిగినా నీటికి లోటుండరాదని ఒక బావి తవ్వించాడు. లోతు సుమారు 53 మీటర్లు. దిగడానికొక మెట్లదారి, ఎక్కడానికొకటి, రెండూ మెలితిరిగి ఎక్కడా కలవవు; నీళ్లు మోసే గాడిదలు ఎదురుపడకుండా ఈ ఏర్పాటు. 248 మెట్లూ మా ఆవిడ దిగి ఎక్కింది. మేము నడుమనే ఒక కిటికీ దగ్గర చతికిలబడ్డాము.

పియెంజాలో గొర్రెపాల చీజు కొన్నాము. పానె, వీనో, ఆక్వా అంటూ అంగడి అవ్వ మాటలన్నీ అచ్చులతోనే ముగిశాయి. మన భాషను ప్రాచ్య ఇటాలియన్ అంటారని చిన్నప్పటినుంచీ వింటున్నాము గాని, అజంతమైనంత మాత్రాన అర్థమవుతుందా? మా ఒడియా కూడా అజంతమే!

సియెనా చేరేసరికి చీకటి పడుతున్నది. ఊరినడుమ కార్లను 1960లలోనే నిషేధించిన పట్టణమది. గోడ వెలుపల బండి నిలిపి నడవాలి. ద్వారం దగ్గర తెల్లని బోర్డుమీద ఎర్రని వలయం.

“ఏమండీ, ఆ బోర్డు చూశారా? ఆపండి” అన్నది మా ఆవిడ.

“నీకేం తెలుసు, ఊరుకో” అన్నాము. పెట్టెలు బరువు, బస ఇంకా దూరం. లోపలికి పోనిచ్చాము. ఎవరూ ఆపలేదు. ఆపవలసిన పనిలేదు, కెమెరా ఉన్నది. ఆ రాత్రి ఆమె నోరు మెదపలేదు.

నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. అద్దె కాగితాలలో ఆఫీసు చిరునామా ఇచ్చినందువల్ల ఇంటికి చేరలేదు. జరిమానా ఒకటి, మా వివరాలు అందజేసినందుకు కారువాళ్ల రుసుము మరొకటి. అంతా కలిసి పదివేల రూపాయల పైమాటే. ఇంట్లో చెప్పకుండా అప్పుచేసి కట్టాము. కాగితం ఇప్పటికీ ఆఫీసు సొరుగులో ఉన్నది.

ఈ పుట అచ్చుకు వెళ్లేముందు తప్పులు దిద్దేది మా ఆవిడే. ఈ రాత్రి భోజనాలయ్యాక ఆమె చేతికి ఇస్తాము.